రబ్బరు కీల స్పెక్ట్రమ్: 16కె నుంచి 48కె దాకా, ఆ తర్వాత కొన్నేళ్ల వాడకం

స్పెక్ట్రమ్ అంటే 1980ల నాటి బ్రిటిష్ ఇంటి కంప్యూటర్. పాతదాన్ని బాగుచేసి వాడుకోవాలనుకునేవాళ్లు ముందు కరెంటు సంగతి చూసుకోండి. మెమరీ, ఎస్‌డీ కార్డు, కొత్త కీబోర్డు అన్నీ ఆ తర్వాతే. కొన్నేళ్లుగా దాదాపు ప్రతి శని, ఆదివారాలు దీన్ని ఆన్ చేస్తూ వచ్చాక నాకు కుదిరిన అభిప్రాయం ఇది. బయటికి కనిపించే అప్‌గ్రేడ్ల గురించే అందరూ మాట్లాడతారు గానీ, మెషీన్‌ని బతికించేవి లోపల కనిపించకుండా ఉండేవే.

నా దగ్గరున్నది సింక్లెయిర్ జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్, 16కె (అంటే 16 కిలోబైట్ల మెమరీ) మోడల్, ఇష్యూ 2 బోర్డు, అంటే రెండో డిజైన్‌ది. 1982 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో విడుదలైనప్పుడు 16కె ధర 125 పౌండ్లు, 48కె ధర 175. తేడా 50 పౌండ్లే అయినా అప్పట్లో అది చిన్న మొత్తం కాదు, అందుకే 16కె కొని ఊరుకున్నవాళ్లూ ఉన్నారు. నేనుండేది స్కాట్లాండ్‌లోని డండీలో. ఈ మెషీన్లు తయారైంది ఇక్కడి టైమెక్స్ ఫ్యాక్టరీలోనే. అసెంబ్లీ లైన్ మీద పనిచేసినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. ఫ్యాక్టరీ 1993లో మూతపడింది. ఆ కారణంగానో ఏమో, ఈ ఊళ్లో పాత సామాన్లు అమ్మేచోట స్పెక్ట్రమ్ కనిపిస్తే నాకు పెద్దగా ఆశ్చర్యం వేయదు.

ఇక కరెంటు విషయం. స్పెక్ట్రమ్ అడాప్టర్ 9 వోల్టుల డీసీ ఇస్తుంది, కానీ పిన్ను లోపలివైపు నెగెటివ్. ఇంట్లో పడున్న మామూలు 9 వోల్టుల అడాప్టర్లలో చాలావాటికి లోపల పాజిటివ్ ఉంటుంది. గుచ్చేముందు మల్టీమీటర్‌తో చూడాల్సిందే. పాత ఒరిజినల్ అడాప్టర్‌లో రెగ్యులేటర్ ఉండదు కాబట్టి లోడు లేనప్పుడు 9 కంటే చాలా ఎక్కువే చూపిస్తుంది. లోపలికి వచ్చిన దాన్ని 7805 అనే రెగ్యులేటర్ 5 వోల్టులకు దించుతుంది, మిగతాదంతా వేడిగా మారుస్తుంది. కింద అల్యూమినియం రేకు పెట్టింది అందుకే. గంటసేపు ఆడితే పెట్టె మీద చెయ్యి పెట్టినా వేడి తెలుస్తుంది.

7805 తీసేసి, అదే మూడు కాళ్ల మీద కూర్చునే స్విచింగ్ రెగ్యులేటర్ (అంతగా వేడెక్కకుండా వోల్టేజీ దించే రకం) పెట్టాను. ఇందులో రెండు రకాలు వాడి చూశాను. చవకరకంతో మెషీన్ నడిచింది గానీ తెర మీద సన్నటి గీతలు పాకుతూ ఉండేవి. కాస్త ఖరీదైనదానితో గీతలు పోయాయి, వేడి దాదాపు లేదు. పాత అడాప్టర్ బదులు రెగ్యులేటెడ్ 9 వోల్టులు, 2 ఆంపియర్లది వాడుతున్నాను. దీనితో పాటు బోర్డు మీది ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లన్నీ మార్చేశాను. నలభై ఏళ్ల నాటివి, పైకి బాగానే కనిపించినా నమ్మడానికి లేదు. ఆ రోజు నుంచి ఆడుతూ ఆడుతూ తెర చెదిరి మెషీన్ రీసెట్ అయిపోవడమనేది మళ్లీ చూడలేదు.

తర్వాతది మెమరీ, ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి. స్పెక్ట్రమ్‌లో ర్యామ్ రెండు భాగాలు. కింది 16కె ఎనిమిది 4116 చిప్పులు. వీటికి +5, +12, -5, మూడు వోల్టేజీలూ కావాలి. ఆ +12, -5 బోర్డు మీది చిన్న కాయిల్, ట్రాన్సిస్టర్ల సర్క్యూట్ నుంచి వస్తాయి. ఆ సర్క్యూట్ చెడి -5 రాకుండా +12 మాత్రం వచ్చిందంటే 4116లు మాడిపోతాయి. చనిపోయిన స్పెక్ట్రమ్‌లు ఎక్కువగా ఈ దారినే పోయినవి. కొనగానే 4116 మొదటి కాలు దగ్గర -5, ఎనిమిదో కాలు దగ్గర +12, తొమ్మిదో కాలు దగ్గర +5 ఉన్నాయో లేదో కొలవండి. ఏది లేకపోయినా వెంటనే ఆపేయాలి.

నా మెషీన్‌లో ఒక 4116 అప్పటికే పోయింది. విడిగా పాత చిప్పు వెతికే బదులు, ఎనిమిదింటి స్థానంలో కూర్చునే కొత్త మాడ్యూల్ పెట్టాను. అది +5 మీదే పనిచేస్తుంది. అయితే దీనితో +12 అవసరం తీరిపోయిందనుకోవద్దు, రంగులు తయారుచేసే ఎల్‌ఎం1889 చిప్పుకి 12 ఇంకా కావాలి. కాయిల్ సర్క్యూట్ బాగుండాలన్నది మారలేదు, కాకపోతే అది చెడినా ఇప్పుడు మెమరీ పోదు.

48కె చేయడానికి కావాల్సిన పై 32కె కోసం మొదట్లో సింక్లెయిర్ వాడింది 4532 చిప్పులు. ఇవి నిజానికి సగభాగం చెడిన 64 కిలోబిట్ చిప్పులు. బాగున్న సగాన్ని వాడుకుని ధర తగ్గించారు. ఏ సగం బాగుందో బోర్డుకు చెప్పడానికి ఒక లింకు తీగ ఉంటుంది. మన కాలంలో ఆ అవస్థ ఎందుకు, పూర్తిగా పనిచేసే 4164లు ఎనిమిది పెట్టుకోవచ్చు, లింకు ఎటు ఉన్నా నడుస్తుంది. వాటితో పాటు నాలుగు లాజిక్ చిప్పులు కావాలి: 74ఎల్‌ఎస్157 రెండు, 74ఎల్‌ఎస్00 ఒకటి, 74ఎల్‌ఎస్32 ఒకటి. నా బోర్డులో సాకెట్లు ముందే ఉన్నాయి కాబట్టి టంకం పని లేకుండానే అయిపోయింది. వట్టి రంధ్రాలే ఉన్న బోర్డయితే చిప్పుల్ని నేరుగా అతికించకుండా సాకెట్లు అతికించుకోండి.

పని అయ్యాక పరీక్ష తేలిక. మెషీన్‌లోనే ఉండే ప్రోగ్రామింగ్ భాష బేసిక్‌లో, మెమరీలోని 23732వ చోట ఉన్న విలువకు, 23733వ చోట ఉన్నదాన్ని 256తో గుణించి కలిపి ప్రింట్ చేయమనండి. 16కె మెషీన్ 32767 అంటుంది, 48కె అయితే 65535. నాకు ఆ అంకె తెరమీద పడినప్పుడు కలిగిన సంతోషం ఆఫీసులో 64 జీబీ ల్యాప్‌టాప్ ఇచ్చినప్పుడు కూడా కలగలేదు. ఉపయోగం కూడా ఉత్త సంఖ్యలో లేదు. కింది 16కెని వీడియో చిప్పు అయిన యూఎల్‌ఏ కూడా పంచుకుంటుంది, తెర గీసే సమయంలో ప్రాసెసర్‌ని ఆపి నిలబెడుతుంది. పై 32కెలో ఆ అడ్డంకి లేదు. అంటే 16కె మెషీన్‌లో ప్రోగ్రాం ఎప్పుడూ నెమ్మది భాగంలోనే నడుస్తుందన్నమాట.

ఎస్‌డీ కార్డు ఇంటర్‌ఫేస్ గురించి తక్కువే చెప్తాను, అందరూ చెప్పేదే. నేను వాడే డివ్‌ఎంఎంసీ అనే ఇంటర్‌ఫేస్‌ని మెషీన్ వెనక, బోర్డు అంచున ఉండే ఎడ్జ్ కనెక్టర్‌కి తగిలిస్తాం, బటన్ నొక్కితే ఫైళ్ల జాబితా వస్తుంది. క్యాసెట్‌లో ఐదు నిమిషాలు పట్టే ఆట రెండు మూడు సెకన్లలో సిద్ధం. పిల్లలకు చూపించాలంటే ఇది లేకుండా కుదరదు, లోడయ్యేలోపు వాళ్లు గదిలో ఉండరు. ఇబ్బందులు రెండు. పెట్టెను జరిపితే ఇంటర్‌ఫేస్ ఊగి మెషీన్ హ్యాంగ్ అవుతుంది. ఇక, కరెంటు ఉండగా దాన్ని తగిలించడం, తీయడం అస్సలు చేయకూడదు. ఆ కనెక్టర్ మీద ఎక్కువ వోల్టేజీల లైన్లు కూడా ఉన్నాయి, వంకరగా తగిలితే చిప్పులు పోతాయి. మరో విషయం, మెషీన్ 48కెనే కాబట్టి తర్వాత వచ్చిన 128కె మోడల్ కోసం రాసిన ఆటలు కార్డులో ఉన్నా నడవవు.

వీడియోకి కాంపోజిట్ (బొమ్మ మొత్తం ఒకే తీగ మీద టీవీకి పంపే పద్ధతి) మార్పు చేసుకున్నాను. టీవీ ఏరియల్‌కి సిగ్నల్ పంపే మాడ్యులేటర్ డబ్బాను పక్కన పెట్టి, వీడియో తీగను నేరుగా అదే సాకెట్‌కి కలపడమే. బొమ్మ చాలా మెరుగవుతుంది, అంచుల మీద రంగుల పాకుడు మాత్రం ఉంటుంది. దాన్ని హెచ్‌డీఎంఐగా మార్చే చిన్న డబ్బాలు మాత్రం నాకు నచ్చలేదు. స్పెక్ట్రమ్ సెకనుకి 50కి కాస్త పైగా ఫ్రేములిస్తుంది. నేను చూసిన డబ్బాలు దాన్ని 60కి మార్చడంతో పక్కకు జరిగే ఆటలన్నీ కుదుపులతో కనిపించాయి. దానికి తోడు కీ నొక్కినదానికీ తెరమీద కదలికకీ మధ్య ఆలస్యం.

కీబోర్డు మెంబ్రేన్ (కీల కింద ఉండే పల్చటి ప్లాస్టిక్ పొర) మార్చాల్సిందే, ఇందులో ఎంపిక లేదు. పాతవి పెళుసెక్కి, బోర్డులోకి వెళ్లే తోకల దగ్గర విరుగుతాయి. కొత్తది వేశాక ఇప్పటిదాకా నలభై కీలూ పనిచేస్తున్నాయి. కానీ పైన ఉన్న లోహపు పలక ఊడదీయడం టెన్షన్ పెట్టే పని. డబుల్ సైడ్ టేపుతో అతికి ఉంటుంది, తొందరపడితే వంగుతుంది. హెయిర్ డ్రయర్‌తో వేడిచేసి మెల్లగా లేపాలి. రంగురంగుల పెట్టెలు, పారదర్శకమైన కేసులు కూడా దొరుకుతాయి. నాకు వాటి మీద మోజు లేదు.

ఆటలు మాత్రమే కావాలంటే ఈ శ్రమంతా అక్కర్లేదు. 2024 చివర్లో ది స్పెక్ట్రమ్ పేరుతో అదే రూపంలో కొత్త యంత్రం వచ్చింది, లోపల ఎమ్యులేటరే (పాత మెషీన్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్), నేరుగా హెచ్‌డీఎంఐకి కలపొచ్చు. సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం ఇష్టంలేనివాళ్లకు అదే సలహా ఇస్తాను.

మన దేశంలో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ 1986లో లైసెన్సుతో డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ అమ్మింది. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఎవరి అటక మీదైనా ఒకటి ఉంటే, నేరుగా ప్లగ్గులో పెట్టకండి. ముందు అడాప్టర్‌ని విడిగా కొలవండి, ఎడ్జ్ కనెక్టర్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, ముఖ్యంగా సముద్రపు గాలి తగిలే ఊళ్లలో. ఇక్కడా అక్కడా 50 హెర్ట్జ్ కరెంటే, ప్యాల్ అనే ఒకే రంగుల పద్ధతి టీవీలే కాబట్టి బ్రిటన్ నుంచి తెప్పించిన విడిభాగాలకు విడిగా మార్పులేమీ అక్కర్లేదు.