విల్లు పట్టిన రాకుమారి: ‘బ్రేవ్’ చిత్ర సమీక్ష

పిక్సార్ సంస్థ 2012లో విడుదల చేసిన ‘బ్రేవ్’ చిత్రాన్ని ఇటీవల మా అమ్మాయితో కలిసి ఇంట్లో మరోసారి చూశాను. పాతకాలపు స్కాట్లాండ్ కొండసీమలో సాగే ఈ గంటన్నర కథలో రాకుమారి మెరిడాకు ప్రేమకథ అంటూ ఏదీ లేదు. తనను పెళ్ళాడడానికి మూడు తెగల వారసులు విలువిద్యలో పోటీ పడుతుండగా ఆమె తానే బరిలోకి దిగుతుంది. బిగుతైన గౌను చేతులు కదలనీయకపోతే దాని కుట్లు పిగిలేలా ఒళ్ళు విరుచుకుని, గురి మధ్యలో అప్పటికే నాటుకున్న బాణాన్ని నిలువునా చీల్చేస్తుంది. మన స్వయంవర కథల్లో మత్స్యయంత్రాన్ని కొట్టేది వరుడు కదా, ఇక్కడ ఆ పని వధువే చేసింది.

అయితే చిత్రానికి అసలు బలం తల్లీకూతుళ్ళ పేచీ. కూతురి మొండితనం వల్ల ఎలుగుబంటిగా మారిన రాణి ఎలినోర్, అడవిలో కూడా పుల్లలనే చెంచాలుగా పట్టుకుని మర్యాదగా విషపు పళ్ళు తినబోయే సన్నివేశం నవ్విస్తూనే మనసును తాకుతుంది. తెగల నాయకుల కొట్లాటలు మాత్రం సాగదీసినట్టున్నాయి. మోర్డూ అనే ఎలుగు కనిపించే ఘట్టాల్లో ఐదేళ్ళలోపు పిల్లలు భయపడవచ్చు కనుక పెద్దలు పక్కనే కూర్చోవడం మంచిది.