అయిదేళ్ళుగా రాతి మొక్కలు పెంచుతున్నాను, నా గొడవంతా నీళ్ళ చెంబుతోనే

లిథాప్స్ అనే ఈ రాతి మొక్కల గురించి ఎవరు చెప్పినా ముందు పువ్వు ఫోటో చూపిస్తారు. నాకు పువ్వు తర్వాతి సంగతి. ఇన్నేళ్ళుగా వీటిని వదలకుండా ఉన్నది ఆకు మార్పు కోసం. పైకి కనిపించే మొక్కంతా గులకరాయిలాంటి ఒక జత లావు ఆకులే, మధ్యలో ఒక చీలిక. ఏడాదికోసారి పాత ఆకుల జత మధ్య ఆ చీలిక విచ్చుకుంటుంది. లోపలి నుంచి కొత్త జత పైకి వస్తుంది, అదీ పాతదానికి అడ్డంగా. పాత చీలిక తూర్పు పడమరలుగా ఉంటే కొత్త చీలిక ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. కొత్త ఆకులు పాత ఆకుల్లోని నీటినే పీల్చుకుని పెరుగుతాయి. లావుగా నిగనిగలాడిన పాత ఆకులు వారం వారం పలచబడి, చివరికి ఉల్లిపొరలా ఎండి మొక్క నడుముకు చుట్టుకుని మిగులుతాయి. ఇంత అందమైన పని మొక్కల్లో ఇంకోటి చూడలేదు. నేను మూడు మొక్కలను చంపుకున్నదీ సరిగ్గా ఈ పని దగ్గరే.

మాది ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు ఊరు పర్లాకిమిడి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మేడమీది వరండా రేకులు ఎగిరిపోయాయి. మళ్ళీ సిమెంటు రేకులు వేయించే ఓపిక లేక మా ఆయన వెలుతురు వచ్చే ప్లాస్టిక్ రేకు వేయించారు. ఎండ పడుతుంది, వాన పడదు. అప్పుడు అది కక్కుర్తి పనిలా అనిపించింది కానీ, రాతి మొక్కలకు అంతకంటే మంచి చోటు మా ఇంట్లో లేదని తర్వాత తెలిసింది.

2020 నవంబరులో అయిదు మొక్కలు తెప్పించాను. మా ఊరికి పంపలేమని అమ్మకందారు అన్నాడు. సరిహద్దు ఊళ్ళలో ఇది మామూలే. ఆంధ్రా వైపు పాతపట్నంలో మా తోడికోడలి ఇంటి చిరునామా ఇచ్చి అక్కడి నుంచి తెచ్చుకున్నాను. మట్టి లేకుండా, వేర్లకు కాగితం చుట్టి వచ్చాయి. అత్తయ్య ఒకటి అరచేతిలో పెట్టుకుని తిప్పి చూసి, "ఇదేమిటమ్మా, మేక గిట్టలా ఉంది. దీనికి డబ్బిచ్చావా?" అన్నారు. అప్పటి నుంచి మా ఇంట్లో వాటి పేరు గిట్టలే.

మా మహేంద్రతనయ నది గండ్ర ఇసుక, ఇటుక ముక్కల పొడి, ఇంటి మరమ్మతులో మిగిలిన బేబీ చిప్స్ (సన్న కంకర) కలిపి లోతైన మట్టి కుండీల్లో నాటాను. పైన నది గులకరాళ్ళు పరిచాను. చూడ్డానికి ఎంత బాగున్నా అది తెలివితక్కువ పని. గోధుమరంగు మొక్క ఒకటి ఆ రాళ్ళలో ఎంత కలిసిపోయిందంటే, అది పోయిందనుకుని రెండు రోజులు బాధపడ్డాను. 1811లో దక్షిణాఫ్రికాలో బర్చెల్ అనే ఇంగ్లీషు యాత్రికుడు వింత ఆకారం గులకరాయి అనుకుని నేలమీద నుంచి తీసినది ఈ మొక్కనేనట. ఆయనదంటే ఎడారి, నాది జానెడు కుండీ.

ఇక అసలు కథ. మొక్కలతో పాటు ఒక కాగితం వచ్చింది. వేసవిలో విశ్రాంతి, వానలు వెనకపట్టాక నీళ్ళు, చలికాలంలో పూర్తిగా ఆపాలి అని ఉంది. చదివి నవ్వుకున్నాను. ఇది మంచు కురిసే దేశాల వాళ్ళు రాసుకున్నది, నీళ్ళు గడ్డకట్టి వేర్లు చస్తాయని ఆపమన్నారు, మా ఊళ్ళో చలికాలమంటే రాత్రి ఒక దుప్పటి, అంతే అనుకున్నాను. నా తర్కంలో లోపమేమీ కనబడలేదు నాకు. సంక్రాంతి నాటికి మూడు మొక్కల చీలిక విచ్చుకుని లోపల లేత ఆకుపచ్చ గోరంత కనిపించింది. నోరు తెరిచి అడుగుతున్నాయనిపించింది. పండగ పూట అడిగినదానికి లేదంటామా? ఆ మూడింటికీ చెంచాలు కాదు, చెంబుతో పోశాను. ఫిబ్రవరి పొడవునా వారానికోసారి పోశాను. మిగతా రెండూ మూతి బిగించుకుని ఉన్నాయి కాబట్టి వాటిని పట్టించుకోలేదు.

మార్చిలో పుట్టింటి వైపు పెళ్ళికని విజయనగరం వెళ్ళి మూడు వారాలు ఉండిపోయాను. తిరిగి వచ్చి చూస్తే, నేను పట్టించుకోని ఆ రెండూ విచ్చుకుని, కొత్త ఆకులు బిగువుగా నిలబడి, పాతవి సగం ఎండి ఉన్నాయి. నీళ్ళు పోసి సాకిన మూడింటికీ కొత్త ఆకులు వచ్చాయి కానీ పాతవి ఎండలేదు. ఎందుకు ఎండుతాయి? వేర్ల నుంచి నీళ్ళు అందుతుంటే పాత ఆకుల్లోని నీటితో మొక్కకు పనేముంది? చలికాలంలో ఆపమన్నది చలికి భయపడి కాదు, పాత ఆకును ఖాళీ చేయించడానికి. ఆ కాగితం ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే నేను నవ్వేదాన్ని కాదు. ఏం చేయాలో రాసి ఎందుకో రాయని కాగితాలంటే నాకు ఇప్పటికీ కోపమే.

ఆ మూడూ జత మీద జతగా, ఇడ్లీ మీద ఇడ్లీ పెట్టినట్లు నిలబడ్డాయి. జూలై దాకా బాగానే ఉన్నాయి కూడా. పైన రేకు ఉంది కాబట్టి వాన తడపలేదు. అయినా శ్రావణమాసంలో మా గాలే తడిగుడ్డలా ఉంటుంది. ఎండక లావుగా మిగిలిన పాత ఆకు ఇసుకను ఆనుకుని కూర్చుంది. ఒకరోజు పక్కకు ఒరిగినట్లు ఉంటే సరిచేద్దామని వేలు పెట్టాను. మాగిపోయిన సపోటాలో దిగినట్లు దిగింది. పైన కొత్త ఆకు ఇంకా గట్టిగానే ఉంది, మచ్చలు కూడా చెదరలేదు. కింద మాత్రం గోధుమరంగు గుజ్జు, పులిసిన వాసన. నాలుగు రోజుల్లో రెండోది కూడా అంతే. మూడోదాన్ని కాపాడదామని పట్టకారుతో పాత ఆకును వలిచాను. పాతదాంతో పాటు కొత్తదాని అంచు కూడా చిరిగింది. వినాయక చవితికి అది కూడా లేదు. అత్తయ్య ఏమీ అనలేదు. మిగిలిన రెండు కుండీలనూ తనే చెంబుకు అందనంత దూరంగా, పైమెట్టు మీద పెట్టారు.

"పనే పెట్టని మొక్క" అని అప్పట్లో నేను నలుగురికీ చెప్పాను. ఆ మాట ఇప్పుడు కొంచెం సరిచేసుకోవాలి. చేతికి పని పెట్టదు, నిజం. చేతిని కట్టేసుకునే పని మాత్రం డిసెంబరు నుంచి మార్చి దాకా రోజూ పెడుతుంది. ఇప్పుడు నా పద్ధతి ఇది: చీలికలో కొత్త ఆకు కనిపించగానే ఆ కుండీ మీద ఒక బియ్యపు గింజంత ముగ్గురాయి ముక్క పెడతాను. అది ఉన్నన్నాళ్ళూ నీళ్ళు లేవు. పాత ఆకు గోటితో తాకితే గలగలమనేలా ఎండాకే ముక్క తీస్తాను. అప్పుడు కూడా ఆకు పక్కలు ముడతలు పడితేనే పోస్తాను, అదీ ఇసుక అడుగు దాకా తడిసేలా ఒక్కసారి.

అయితే ఆ కాగితంలోని "వేసవిలో విశ్రాంతి" అన్నదాన్ని ఈసారి అక్షరాలా పాటించి ఇంకోటి పోగొట్టుకున్నాను. 2022లో మరో నాలుగు తెప్పించాను. 2024 మే నెలలో వాటిలో ఒకటి రేకు కింద వేడికి ముడుచుకుపోయి మళ్ళీ లేవలేదు. ఇప్పుడు ఏప్రిల్, మే నెలల్లో రేకు మీద పాత చీర ఒకటి కప్పి, పదిహేను రోజులకోసారి పొద్దు వాలాక నాలుగు చెంచాలు పోస్తాను. ఇది తప్పనే వాళ్ళున్నారు. మా మేడ వేడి వాళ్ళకు తెలియదు.

పువ్వు గురించి కూడా రెండు మాటలు చెప్పకపోతే బాగుండదు. 2022 నవంబరులో మొదటిది పూసింది, పసుపు. మధ్యాహ్నం మూడు దాటాక విచ్చుకుని చీకటి పడేసరికి ముడుచుకుంటుంది. బడి నుంచి నేను వచ్చేసరికి ఇంకో గంట మిగిలి ఉంటుంది, అంతే. ఒక మొక్క తన పుప్పొడితో తాను కాయ కట్టదు. మరుసటి ఏడు రెండు ఒకే వారంలో పూస్తే పిల్లల రంగుల కుంచెతో అటూ ఇటూ పుప్పొడి అద్దాను. ఎండిన కాయ మీద చుక్క నీరు వేస్తే, చూస్తుండగానే మూతలు నక్షత్రంలా విప్పుకున్నాయి. ఆరితే మళ్ళీ మూసుకుంది. మా అబ్బాయి దాన్ని పదిసార్లు విప్పించాడు. విత్తనాలు గసగసాల కంటే సన్నం. మొలిచాయి కూడా, వానాకాలం మాత్రం దాటలేదు.

ప్రస్తుతం అయిదు మొక్కలు, ఆరు తలలు. పైమెట్టు మీదకు చేరిన ఆ రెండింటిలో ఒకటి నిరుడు ఒక జతకు బదులు రెండు జతలు బయటపెట్టింది. పాత ఆకు రెండింటికీ సరిపోతుందా అని రోజూ చూశాను. సరిపోయింది. రెండూ మామూలు కంటే చిన్నవి, చొక్కా గుండీలంత.

కొనమని చెప్పనా అంటే, మా వరండా లాంటిది ఉంటే కొనండి అంటాను. అయిదారు గంటల ఎండ, వాన పడని కప్పు, పగటిపూట ఇంట్లో చెంబు పట్టుకుని తిరిగే వాళ్ళు లేకపోవడం, ఈ మూడూ నాకు కుదిరాయి. బరంపురంలో మా చెల్లెలు ఒకటి ఇమ్మని అడుగుతోంది. తనది ఉత్తరం వైపు బాల్కనీ, సముద్రపు గాలి, పైగా తులసికి రోజూ రెండు పూటలా నీళ్ళు పోసే చెయ్యి. ఫిబ్రవరిలో వచ్చి, విచ్చుకున్న మొక్క పక్కన నీళ్ళు పోయకుండా వారం రోజులు ఉండగలిగితే ఇస్తానన్నాను.