నడక మాటల కోసం రోజే థెసారస్‌ను తెరిచినప్పుడు

తెలుగు కథలను ఇంగ్లిష్‌లోకి అనువదించే పనిలో నన్ను అన్నిటికన్నా ఎక్కువసేపు నిలబెట్టే క్రియ నడవడం. మన భాషలో నడక తీరును చెప్పే భారాన్ని క్రియ మోయదు, దాని ముందు వచ్చే మాట మోస్తుంది. పసివాడు బుడిబుడి అడుగులు వేస్తాడు, అలిసినవాడు కాళ్ళీడ్చుకుంటూ వస్తాడు, తొందరలో ఉన్నవాడు అంగలు వేసుకుంటూ వెళ్తాడు, పని ఉన్న మనిషి చకచకా సాగిపోతుంది. క్రియలు మాత్రం రావడం, వెళ్ళడం, సాగడం, వేయడం దగ్గరే ఉంటాయి. ఇంగ్లిష్‌లో ఆ తీరు క్రియలోనే ఇమిడిపోయి ఉంటుంది. టాడిల్ అన్న ఒక్క మాటలో పసివాడూ, వాడి బుడిబుడి అడుగులూ, ఎక్కడ పడిపోతాడో అన్న చిన్న భయమూ కలిసే వస్తాయి. అందుకే ఈ పని చేసేవారికి పర్యాయపద కోశం తప్పనిసరి అవుతుంది. చాలా ఏళ్ళుగా నా బల్ల మీద ఉన్న రోజే థెసారస్ ఈ ఒక్క అవసరాన్ని ఎంతవరకు తీరుస్తుందో చెప్పడానికే ఈ సమీక్ష.

మనవాళ్ళు రోజెట్ అని పిలిచే ఈ కోశకర్త పేరును రోజే అని పలకాలి. ఆయన తండ్రి జెనీవా నుంచి లండన్ వచ్చిన మతాచార్యుడు. పీటర్ మార్క్ రోజే వృత్తిరీత్యా వైద్యుడు. 1805లో సొంత వాడకం కోసం మాటల పట్టిక ఒకటి రాసుకుని, ఉద్యోగ బాధ్యతలన్నీ తీరాక దాన్ని పెంచి, 73 ఏళ్ళ వయసులో 1852లో పుస్తకంగా ప్రచురించాడు. బ్రౌన్ దొర తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు మద్రాసులో అచ్చయింది కూడా ఆ సంవత్సరమే కావడం నాకు ఎప్పుడూ ఆనందంగా అనిపిస్తుంది. ఒకటి మాట తెలిసినవాడికి అర్థం చెబుతుంది, రెండోది అర్థం మనసులో ఉండి మాట దొరకనివాడికి మాట అందిస్తుంది.

అక్షరక్రమం రోజే పుస్తకానికి పునాది కాదు. భావాలను ఆరు తరగతులుగా, వాటిని మళ్ళీ 1000 శీర్షికలుగా విభజించి, ఒక్కో శీర్షిక కింద ముందు నామవాచకాలను, తర్వాత క్రియలను, ఆ తర్వాత విశేషణాలను పేర్చాడు. అమరకోశం వల్లె వేసిన ఇళ్ళలో పెరిగినవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు. స్వర్గవర్గం, భూమివర్గం, వనౌషధివర్గం అంటూ విషయాన్ని బట్టి మాటలను కూర్చిన పుస్తకం మనకు ఎప్పటినుంచో ఉంది. ఆ సంగతి రోజేకూ తెలుసు. భావక్రమంలో మాటలను కూర్చిన ప్రయత్నాల్లో తన ఎరుకలో అన్నిటికన్నా పాతది అమరకోశమేనని, కోల్‌బ్రూక్ చేసిన దాని ఇంగ్లిష్ అనువాదం 1808లో శ్రీరాంపూర్‌లో అచ్చయిందని ఆయన తన పీఠికలో పేర్కొన్నాడు, దాని వర్గీకరణ అస్తవ్యస్తంగా ఉందని కూడా అన్నాడు. అయితే అమరం ప్రధానంగా నామాలనూ వాటి లింగాలనూ చెప్పే గ్రంథం. నడిచే తీరులను చెప్పే క్రియలకు అందులో చోటు లేదు. రోజే ప్రతి భావం కిందా క్రియలకు వేరే గది కట్టాడు, నా అవసరం సరిగ్గా ఆ గదిలోనే తీరాలి.

ఇక పరీక్షకు వస్తాను. నా దగ్గరున్నది 1911 నాటి కూర్పు. దాని పాఠం ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే ఇంటర్నెట్ గ్రంథాలయంలో ఉచితంగా దొరుకుతుంది కాబట్టి ఎవరైనా పక్కన పెట్టుకుని సరిచూసుకోవచ్చు. నడక మాటలు ఇందులో ముఖ్యంగా రెండు చోట్ల ఉన్నాయి. 266వ శీర్షిక ప్రయాణం. అక్కడ వాక్, మార్చ్, పేస్, ప్లాడ్, ట్రడ్జ్, స్ట్రైడ్, స్ట్రట్, టాడిల్ దాదాపు ఒకే వరుసలో నిలుచున్నాయి. 275వ శీర్షిక మందగతి; శాంటర్, లంబర్, వాడిల్, షఫుల్, హాబుల్, లింప్, స్టాగర్, మిన్స్ అక్కడ చేరాయి. ప్లాడ్, ట్రడ్జ్, టాడిల్ రెండు చోట్లా కనిపిస్తాయి. ఒక శీర్షికలో వెతుకుతుంటే పక్క శీర్షికలోని మాట కంటపడి, మనం అడగని తలుపు తెరుచుకోవడం ఈ అమరికలోని గొప్పతనం. వేగం 274, మందగతి 275 అని ఎదురెదురు భావాలను పక్కపక్కనే ఉంచడం వల్ల, నా పాత్ర నిజంగా నెమ్మదిగా నడుస్తున్నదా, లేక తొందరపడుతూ కూడా నడవలేకపోతున్నదా అన్న ప్రశ్న దానంతటదే ఎదురవుతుంది. అక్షరక్రమంలో ఉన్న ఏ కోశమూ నాకు ఈ మేలు చేయలేదు.

లోపం కూడా అక్కడే ఉంది, అది చిన్నది కాదు. మాటకూ మాటకూ తేడా ఏమిటో రోజే చెప్పడు. అర్థవివరణ ఉండదు, ఉదాహరణ వాక్యం ఉండదు. గుంపుకూ గుంపుకూ మధ్య ఒక సెమికోలన్ మాత్రం ఉంటుంది. నేను అనువదించిన ఒక కథలో నెలలు నిండిన అమ్మాయి అడుగులో అడుగు వేసుకుంటూ బావి దగ్గరకు వెళ్తుంది. 275లో మిన్స్ అన్న మాట పక్కనే చిన్న అడుగులు వేయడం అన్న అర్థమిచ్చే పదబంధం కనిపించగానే, సరిపోయిందనుకుని మిన్స్ రాశాను. ఆ మాటలో చిన్న అడుగులతో పాటు కులుకు, తెచ్చిపెట్టుకున్న నాజూకుతనం ఉంటాయని, అందులో కొంచెం వెక్కిరింపు కూడా వినిపిస్తుందని రాతప్రతి చదివిన మిత్రుడు చెప్పేదాకా నాకు తెలియలేదు. నొప్పులు దగ్గరపడిన ఆడపిల్లను నేను వెక్కిరించినట్టయింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అప్పటినుంచి రోజే ఇచ్చిన ప్రతి మాటకూ ఒక తెలుగు జతను వెతికి పుస్తకం అంచున రాసుకోవడం అలవాటు చేసుకున్నాను. ట్రడ్జ్‌లో అలసట, అయిష్టం ఉంటాయి, అది ఉస్సూరుమంటూ నడవడం; ప్లాడ్‌లో అడుగు బరువుగానే పడుతుంది గాని ఆగదు, అది దుక్కిటెద్దు నడక. లింప్ అంటే ఒక కాలికి దెబ్బ తగిలి కుంటడం, హాబుల్ అంటే పాదాలో కీళ్ళో సహకరించక కష్టపడుతూ అడుగు తీసి అడుగు వేయడం. షఫుల్ చేసేవాడి పాదం నేలను వదలదు. స్టాగర్ మన తూలడం, స్ట్రైడ్ మన అంగలు. శాంటర్‌లో తీరికతో పాటు ధీమా ఉంటుంది, స్ట్రోల్ షికారుకు దగ్గర, ఆంబుల్ నింపాదితనానికి దగ్గర. ఈ చివరి మాట మొదట గుర్రపు నడకకు వాడినదని తెలిశాక దానిలోని ఒడుపు నాకు బాగా పట్టుబడింది.

ఏ ఇంగ్లిష్ కోశమూ దాటించలేని చోట్లు కొన్ని మిగులుతాయి. మన కావ్యనాయిక గజగమన. ఏనుగు నడకకు ఇంగ్లిష్‌లో సహజంగా తోచే క్రియ లంబర్. ఆ మాట పెడితే నాయిక మోటు మనిషి అయిపోతుంది. హంసనడకకూ అదే గతి, ఎందుకంటే నీటిపక్షి నేల మీద నడిస్తే ఇంగ్లిష్ చెవికి వినిపించేది వాడిల్, అంటే మనం బాతునడక అని నవ్వే నడక. ఒకే జంతువు నడకను ఒక భాష పొగడ్తగా, మరొక భాష ఎగతాళిగా వింటున్నప్పుడు పర్యాయపదాల పట్టిక ఎంత పెద్దదైనా సాయం చేయలేదు. ఇందుకు రోజేను తప్పు పట్టను.

కొనదలచినవారికి ఒక జాగ్రత్త చెప్పాలి. రోజే పేరు చాలామంది ప్రచురణకర్తలు వాడుకుంటున్నారు. అట్ట మీద ఆ పేరున్నా లోపల మామూలు అక్షరక్రమమే ఉన్న పుస్తకాలు అంగళ్ళలో ఉన్నాయి. అంకెలు వేసిన శీర్షికలు, చివర పెద్ద అకారాది సూచిక ఉన్నాయో లేదో చూసే కొనండి. అవి లేకపోతే మీరు కొన్నది పేరు మాత్రమే. 1911 కూర్పు అభ్యాసానికి చాలు గాని, అందులో వాడుక తప్పిన మాటలు వాడుకలో ఉన్నవాటితో కలిసిపోయి ఉంటాయి కాబట్టి ఈనాటి గద్యం రాసేవారు కొత్త కూర్పు తీసుకోవడం మంచిది. డిగ్రీ విద్యార్థులకు, పోటీ పరీక్షలకు చదివేవారికి దీన్ని మొదటి పుస్తకంగా నేను సూచించను. వారికి 1993లో వచ్చిన లాంగ్‌మన్ లాంగ్వేజ్ యాక్టివేటర్ వంటిది మేలు. అది దగ్గరి మాటల మధ్య తేడాను వివరించి వాక్యంలో చూపిస్తుంది. ఇంగ్లిష్ బాగా చదివి, మాట నాలుక చివర ఆగిపోయి అవస్థ పడేవారికి మాత్రం రోజేను మించినది నాకు కనబడలేదు.

ఆ బావి వాక్యం కోసం రెండు శీర్షికలనూ మళ్ళీ మొదటినుంచి చదివాను. చివరికి వాక్ అన్న మామూలు క్రియనే ఉంచి, ఒక పాదం నేల మీద కుదురుకున్నాకే రెండో పాదం కదిలిందని ఆ పక్కన ఇంకో వాక్యం రాశాను.