ఊరి లైబ్రరీ: గ్రంథాలయ సంస్థకు ఇచ్చేయడమా, సొసైటీ పెట్టుకోవడమా?

ఈ ప్రశ్న ఈ మధ్య పదే పదే వస్తోంది. ఉద్యోగాలకు వెళ్ళినవాళ్ళు చందాలేసుకుని సొంతూళ్ళో గది కడతారు, బీరువాలు నింపుతారు. పేచీ అంతా ఆ తర్వాతే: జిల్లాలో ప్రభుత్వ లైబ్రరీలు నడిపే జిల్లా గ్రంథాలయ సంస్థకు అప్పగించాలా, మనమే సొసైటీ పెట్టుకుని నడపాలా?

నా లెక్కలో తేల్చాల్సింది ఒక్కటే: పదేళ్ళ తర్వాత కూడా ఆ తలుపు తీసే మనిషికి జీతం ఎవరిస్తారు?

ముందు సంస్థ సంగతి. మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, గ్రంథాలయ పన్ను అని ఒక పద్దు కనిపిస్తుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు. ఊళ్ళో ఏటా 5 లక్షల పన్ను వసూలైతే 40 వేలు జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ కావాలి. వసూలు చేసిన పంచాయతీలు, మున్సిపాలిటీలు కట్టకుండా బకాయి పెట్టడం మామూలే, అది వేరే గొడవ. అయినా చందాలాగా ఏటా బతిమాలి తెచ్చుకునే సొమ్ము కాదు. పైగా లైబ్రరీలు నడపడం సంస్థకు చట్టం పెట్టిన విధి. ఆస్తి దాని పేరనే ఉంటుంది, అవసరమైతే దావా కూడా వేయగలదు.

ఇచ్చాక మాత్రం పెత్తనం మీది కాదు. ఏ పుస్తకాలు కొనాలో, ఎప్పుడు తెరవాలో వాళ్ళిష్టం. పోస్టు ఖాళీ అయితే పక్క ఊరి లైబ్రేరియనే ఇన్‌చార్జి.

సొసైటీ అంటారా, 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురుంటే రిజిస్టరవుతుంది. ఏటా సర్వసభ్య సమావేశం, ఆడిట్, రిజిస్ట్రారుకు కమిటీ జాబితా తప్పవు. మొదటి రెండేళ్ళు అందరూ వస్తారు, తర్వాత కోశాధికారి ఒక్కడే మిగులుతాడు. వేటపాలెం సారస్వత నికేతనం లైబ్రరీ 1918 నుంచి నిలబడింది కదా అంటారు. నిజమే, కానీ అంత పట్టున్న మనుషులు తరతరానా దొరకాలి. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయమంతటిది చివరికి ప్రభుత్వం చేతికే వెళ్ళింది.

ట్రస్టు కుటుంబం పేరు నిలవాలనుకునేవాళ్ళకు. పంచాయతీకి లైబ్రరీ పెట్టే అధికారముంది, తప్పనిసరేమీ కాదు. సర్పంచి మారితే అంతే.

నేనైతే సంస్థకే ఇస్తాను, గిఫ్ట్ డీడు జాగ్రత్తగా రాయించి. లైబ్రరీకి తప్ప వేరే పనికి వాడితే దానం రద్దు అన్న షరతు పెట్టుకోవచ్చు. ‘మాకు ఇష్టమైనప్పుడు వెనక్కి తీసుకుంటాం’ అని రాస్తే మాత్రం చెల్లదు.