గెలాక్సీ ఎస్23 ఉండగా ఎస్25కి మారాలా? రెండూ వాడి చెబుతున్నా

నాది శాంసంగ్ గెలాక్సీ ఎస్23, చిన్న సైజు ఫోన్. 2023లో వచ్చిన కొత్తలోనే తీసుకున్నా, ఇప్పటికీ రోజూ చేతిలో ఉండేది అదే. మా ఆయన ఎస్25 కొన్నారు, కానీ ఆయనకి ఆఫీసు వాళ్లిచ్చిన ఫోన్ ఇంకొకటి ఉండటంతో కొత్తది చాలా వారాలు నా దగ్గరే ఉండిపోయింది. ఊరికే చూడటం కాదు, నా సిమ్ అందులో వేసి, బ్యాంకు యాప్‌లూ వాట్సాపూ అన్నీ మార్చుకుని పూర్తిగా దాంతోనే గడిపాను. తర్వాత తిరిగి నా పాతదానికే వచ్చేశాను, పెద్దగా బాధ కూడా అనిపించలేదు.

అసలు చిన్న ఫోన్ ఎందుకంటారా? ఆడవాళ్ల కుర్తీలకి జేబు ఉండటమే గొప్ప, ఉన్నా అందులో పట్టేది ఇంతే. మెట్రోలో ఒక చెయ్యి పైనున్న హ్యాండిల్‌కి పోతే రెండో చేత్తోనే టైప్ చెయ్యాలి, ఫోన్ ఎత్తాలి, దిగే ముందు టికెట్ క్యూఆర్ తియ్యాలి. ఆ సమయంలో బొటనవేలు స్క్రీన్ ఆ చివరికి అందుతుందా లేదా అన్నదే నాకు ముఖ్యం, ప్రాసెసర్ పేరు కాదు. ఎస్23 వెడల్పు 70.9 మిల్లీమీటర్లు, బరువు 168 గ్రాములు. ఎస్25 వెడల్పు 70.5, బరువు 162. కాగితం మీద కొత్తదే కాస్త చిన్నది, తేలిక. చేతిలో మాత్రం నాకు పాతదే హాయిగా ఉంది, ఎందుకంటే దాని అంచులు గుండ్రంగా ఉంటాయి, ఎస్25వి బల్లపరుపుగా చేశారు, కవర్ లేకుండా ఎక్కువసేపు పట్టుకుంటే అరచేతిలో గుచ్చుకుంటున్నట్టు ఉంటుంది. కవర్ వేస్తే ఆ తేడా పోతుంది, ఆరు గ్రాముల లాభం కూడా దాంతోపాటే పోతుంది.

(2021లో ఐఫోన్ 13 మినీ 5.4 అంగుళాల స్క్రీన్‌తో 140 గ్రాములే ఉండేది. మరుసటి ఏడాది కొత్త మినీయే రాలేదు. ఇప్పుడు ఎస్25లాంటి 6.2 అంగుళాల దాన్ని చిన్న ఫోన్ అనుకుని సంతోషపడుతున్నాం.)

స్పీడ్ గురించి రెండు ముక్కలు చాలు. ఎస్25లో స్నాప్‌డ్రాగన్ 8 ఎలైట్ ప్రాసెసర్, 12 జీబీ ర్యామ్. నా దాంట్లో పాత స్నాప్‌డ్రాగన్ 8 జెన్ 2, 8 జీబీ. గేములు బాగా ఆడేవాళ్లకి తేడా తెలుస్తుందేమో, నా యూట్యూబ్, మెయిల్, మ్యాప్స్, ఫోన్‌పే వాడకంలో నాకైతే తెలియలేదు. ఏఐ అంటూ పెద్దగా ప్రచారం చేసిన వాటిలో నేను నిజంగా వాడేది స్క్రీన్ మీద వేలితో సున్నా చుట్టి వెతకడం ఒక్కటే, అది ఎస్23కి 2024లోనే అప్‌డేట్‌లో వచ్చేసింది.

కెమెరా దగ్గర మాత్రం కొంచెం ఆగుదాం, ఎందుకంటే చాలామంది మారేది దానికోసమే. రెండింట్లోనూ వెనక 50 మెగాపిక్సెల్ మెయిన్, 12 మెగాపిక్సెల్ అల్ట్రావైడ్ (ఎక్కువ వెడల్పు పట్టేది), 10 మెగాపిక్సెల్ 3ఎక్స్ జూమ్. అంకెలేమీ మారలేదు. మా బంధువుల గృహప్రవేశంలో రెండు ఫోన్లతోనూ తీశాను. పగలు తీసినవి పక్కపక్కన పెట్టి ఏది దేనితో తీశానో చెప్పమంటే ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయారు. సాయంత్రం హాల్లో లైట్లు తక్కువగా ఉన్నప్పుడు తీసిన వీడియో కొత్తదాంట్లో శుభ్రంగా ఉంది, పాతదాంట్లో నీడల్లో కాస్త మచ్చమచ్చగా కనిపించింది, ఆ తేడా నిజమే. కానీ ఆ ఒక్కదానికోసం ఎనభై వేలు పెట్టేంత వీడియోలు నేను తియ్యను.

కొత్తదాంట్లో నాకు కన్నుకుట్టింది స్క్రీన్ వెలుగు. ఎస్23 గరిష్ఠంగా 1750 నిట్స్ (వెలుగుని కొలిచే లెక్క), ఎస్25 2600. రైతుబజార్‌లో మండుటెండలో నిలబడి టమాటాల బండి దగ్గర పేమెంట్ చేసేటప్పుడు పాతదాన్ని చేత్తో నీడ పట్టి చూసుకోవాలి, కొత్తదానికి ఆ అవసరం రాలేదు. ఎండలో తిరిగే ఉద్యోగం అయితే, డెలివరీ అయినా ఫీల్డ్ పని అయినా, ఇది చిన్న విషయం కాదు.

ఇక బ్యాటరీ. చిన్న ఫోన్ల అసలు టెన్షన్ ఇదే. ఎస్23లో 3900 ఎంఏహెచ్ (బ్యాటరీలో పట్టే చార్జ్ లెక్క), ఎస్25లో 4000, అంటే పెరిగింది వందే. అయినా కంపెనీ లెక్కలో వీడియో చూసే సమయం 22 గంటల నుంచి 29కి పెరిగింది. చిప్ తయారీ 4 నానోమీటర్ల నుంచి 3కి దిగింది, అంటే లోపలి భాగాలు ఇంకా చిన్నవయ్యాయి, అందుకే కరెంటు తక్కువ తాగుతుంది. నా చేతిలోనూ అలాగే తేలింది, ఎస్25 రాత్రి పడుకునేదాకా ధీమాగా నిలిచింది, నా ఎస్23 అప్పటికి సాయంత్రానికే చార్జర్ కోసం చూసేది. అయితే ఇక్కడో తిరకాసుంది. నేను పోల్చింది కొత్త బ్యాటరీతో పాత బ్యాటరీని. ఏ ఫోన్‌దైనా లిథియం బ్యాటరీ రెండుమూడేళ్లు రోజూ చార్జ్ చేస్తే తగ్గుతుంది, అది సహజం. అందుకని కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లి బ్యాటరీ మార్పించాను, కొత్త ఫోన్ ధరతో పోలిస్తే లెక్కలోకే రాని ఖర్చు. ఎస్25 అంత రాలేదు కానీ రాత్రి దాకా లాగుతోంది, నాకు కావాల్సింది అదే. బయట షాపులో చౌకగా వేయించుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, వెనక గ్లాస్ ఊడదీశాక జిగురు సరిగ్గా వెయ్యకపోతే నీళ్లకి తట్టుకునే గుణం పోతుంది. చార్జింగ్ మాత్రం రెండింటికీ 25 వాట్లే, ఇన్నేళ్లయినా అక్కడే ఉండటం నాకు నచ్చలేదు.

బ్యాటరీయే ప్రాణం అనుకుంటే వేరే దారులున్నాయి. 2025లో వచ్చిన వన్‌ప్లస్ 13ఎస్‌లో 5850 ఎంఏహెచ్, 80 వాట్ల చార్జింగ్, మొదటి ధర 54,999. షాపులో పట్టుకుని చూశాను, 185 గ్రాములు, బరువు తెలుస్తోంది. దాంట్లో అల్ట్రావైడ్ కెమెరా లేదు, చిన్న హాల్లో ఇరవై మంది చుట్టాల్ని ఒకే ఫొటోలో పట్టాలంటే నాకు అది కావాలి. వివో ఎక్స్200 ఎఫ్‌ఈలో అయితే ఏకంగా 6500, బరువు దాదాపు అంతే.

ఒక మాట, ఈ సైజు అందరికీ కాదు. మా అమ్మకి అక్షరాలు పెద్దవి చేసి పెడితే వాట్సాప్‌లో నాలుగు మెసేజ్‌లే కనిపిస్తాయి, ఆవిడకి పెద్ద ఫోనే కొనిచ్చాం. తెలుగు కీబోర్డు వాడేవాళ్లకీ ఒక్కో వరుసలో ఎక్కువ కీలుండటం వల్ల ఇరుకుగా ఉంటుంది, నేను ఇంగ్లీష్ అక్షరాలతో తెలుగు కొడతాను కాబట్టి సరిపోతోంది.

ఎస్23కి నాలుగు ఆండ్రాయిడ్ అప్‌డేట్లు, ఐదేళ్ల సెక్యూరిటీ ప్యాచ్‌లు అన్నారు, అంటే 2028 దాకా ఢోకా లేదు. ఎస్25కి ఏడేళ్లు. కాబట్టి ఎస్23, ఎస్24 ఉన్నవాళ్లు బ్యాటరీ మార్చుకుని కూర్చోండి. నాలుగైదేళ్ల పాత ఫోన్, అప్‌డేట్లు ఆగిపోయింది ఉంటే ఎస్25 మంచిదే, కానీ మొదట్లో పెట్టిన 80,999 ఇచ్చి కాదు, పండగ సేల్‌లోనో తర్వాతి మోడల్ రాకతో ధర దిగినప్పుడో చూసుకోండి. 128 జీబీది చౌకగా కనిపించినా 256దే తీసుకోండి, మెమరీ కార్డు పెట్టుకునే చోటు ఇందులో లేదు.