"జీనోమ్ సాంబ" పేరుతో సంచుల్లో అమ్ముతున్న వరి విత్తనం కొనవద్దు

నారుమళ్ళు పోసే రోజులు దగ్గరపడుతున్నాయి కాబట్టి, కిందటి సార్వాలో, అంటే ఖరీఫ్ పంటలో, నాకు జరిగిన నష్టాన్ని తోటి రైతుల ముందు ఉంచుతున్నాను. "జీనోమ్ సాంబ" అనీ, "కమల" అనీ చెప్పి, కొట్టూ బిల్లూ లేకుండా ఊళ్ళోకి తెచ్చి ఐదు కిలోల సంచుల్లో అమ్ముతున్న వరి విత్తనాన్ని దయచేసి ఎవరూ కొనవద్దు. నేను కొన్నాను. ఉన్న నాలుగు ఎకరాలూ దానితోనే నాటాను.

మాది కృష్ణా పశ్చిమ డెల్టాలో కాలువ చివరి భూమి. నాన్నగారి రోజుల నుంచి మా ఇంట్లో సార్వా అంటే బాపట్ల పరిశోధనా స్థానం నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి తప్ప మరొకటి లేదు. ఆ అన్నం రుచికి అలవాటు పడిన నోటికి వేరే బియ్యం ఆనదు, మిల్లులోనూ దానికే ధర. కానీ సాంబకు 145 నుంచి 150 రోజులు పడుతుంది. కాలువ నీరు ఆలస్యమై ఆగస్టులో నాట్లు పడితే కోత నవంబరు ఆఖరుకో డిసెంబరుకో పోతుంది, ఆ రోజుల్లో మా తీరాన ఆకాశాన్ని నమ్మడానికి లేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటినప్పుడు, మర్నాడో ఎల్లుండో కోయాల్సిన చేను మొత్తం నీళ్ళలో పడుకుంది, వారం తిరిగేసరికి వెన్నుల మీదే మొలకలు వచ్చాయి. కోతకు రెండు మూడు రోజుల ముందు చల్లుకునే మినుము కూడా ఆ ఏడాది దక్కలేదు. అప్పటి నుంచి, సాంబ గింజే కావాలి గానీ ఇరవై రోజులు ముందుగా చేతికి రావాలి అనే కోరిక నాలో పాతుకుపోయింది. మోసపోవడానికి అసలు కారణం ఆ కోరికేనని ఒప్పుకోవాలి.

2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి ఢిల్లీలో రెండు జన్యు సవరణ (మొక్కలో ఉన్న జన్యువునే దిద్దే పద్ధతి) వరి రకాలను ప్రకటించారు. ఒకటి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ మన సాంబ మసూరి నుంచే తయారు చేసిన డీఆర్ఆర్ ధాన్ 100, దానికే కమల అని పేరు. రెండవది ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ మన ఎంటీయూ 1010 అనే మరో వరి రకం నుంచి రూపొందించిన పూసా డీఎస్టీ రైస్ 1. కమల దాదాపు 130 రోజుల్లో కోతకు వస్తుందనీ, దిగుబడి తల్లి రకం కంటే 19 శాతం ఎక్కువనీ ఆ రోజు చెప్పారు. పత్రికలో ఆ వార్త చదివి కత్తిరించి దాచుకున్నాను. నెలన్నర తిరక్కుండానే ఆ పేరుతోనే ఒక మనిషి మా ఊరి రావిచెట్టు దగ్గరికి ఆటోలో సంచులు వేసుకుని వచ్చాడు.

అతను చెప్పిన విధానం కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మీ దగ్గరికి వచ్చేవాడూ ఇలాగే చెప్పే అవకాశం ఉంది. ముందుగా కేంద్ర పర్యావరణ శాఖ 2022 మార్చి 30న ఇచ్చిన ఉత్తర్వు జిరాక్సు కాగితం చూపించి, ఇదే అమ్మకానికి అనుమతి అన్నాడు. తరువాత నాలుగు గింజలు నలిపి, చిన్న ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళతో కలిపి, అందులో ఒక సన్నని తెల్ల కాగితపు పట్టీ ముంచాడు. రెండు మూడు నిమిషాల్లో పట్టీ మీద ఎర్రని గీత ఒకటి తేలింది. "చూశారా బాబాయ్, జీన్ ఎక్కింది, గీత వచ్చింది" అన్నాడు. చుట్టూ నిలబడిన పదిహేను మందిమీ ఆ గీత వైపు గుడికెళ్ళి హారతి చూసినట్టు చూశాము. సంచి ₹1,800, ఎకరాకు మూడు సంచులు చాలన్నాడు. పన్నెండు సంచులకు ₹21,600 చేతిలో పెట్టాను. రసీదు అడిగితే చిత్తు కాగితం మీద "విత్తనం 12" అని రాసిచ్చాడు.

ఆ గీత సంగతి నాకు తెలిసింది పంట పోయిన తరువాతే. అది పత్తిలో బీటీ ఉందో లేదో చూడటానికి వాడే పట్టీ. బీటీ పత్తిలో నేలలోని ఒక బ్యాక్టీరియా నుంచి తెచ్చిన జన్యువు ఉంటుంది, ఆ జన్యువు వల్ల మొక్కలో ఒక కొత్త ప్రోటీన్ తయారవుతుంది, పట్టీ పట్టుకునేది ఆ ప్రోటీన్‌నే. ప్రోటీన్ ఉంటే రెండు గీతలు వస్తాయి, లేకపోతే ఒక్కటే వస్తుంది. ఆ ఒక్క గీతకు పట్టీ పాడు కాలేదు అని తప్ప వేరే అర్థం లేదు. గోదావరి నీళ్ళలో ముంచినా అది వస్తుంది. అంటే మా కళ్ళ ముందు పరీక్ష "లేదు" అని చెబుతుంటే, అతను దాన్నే "ఉంది" అని చదివి వినిపించాడు.

నిజమైన కమల విత్తనాన్ని ముంచినా ఆ పట్టీ మీద ఒక్క గీతే వస్తుంది. కారణం, ఆ రకంలో బయటి జీవి నుంచి తెచ్చిన జన్యువు ఏదీ లేదు. సాంబలో సీకేఎక్స్2 అనే జన్యువు ఒకటి ఉంది, గింజల సంఖ్యను పెంచే సైటోకైనిన్ అనే హార్మోన్‌ను విరగ్గొట్టే ఎంజైమును తయారు చేయడం దాని పని. శాస్త్రవేత్తలు క్రిస్పర్ పద్ధతిలో ఆ జన్యువును ఒక చోట కత్తిరించి దాని పనిని తగ్గించారు, దానితో వెన్నులో హార్మోన్ నిలిచి గింజలు ఎక్కువ పడతాయి. కోట్ల అక్షరాల పుస్తకంలో ఒక మాటను దిద్దడం లాంటి పని ఇది. కొత్త ప్రోటీన్ ఏదీ పుట్టదు కాబట్టి పట్టీకి దొరకదు, గింజ సాంబ గింజలాగే ఉంటుంది కాబట్టి కంటికీ ఆనదు. ప్రయోగశాలలో డీఎన్ఏ చదివితే తప్ప తేడా తెలియదు. అందువల్ల "జీన్ ఎక్కించాం" అని ఎవరైనా అన్నారంటే, అతను అమ్ముతున్న వస్తువు గురించి అతనికే తెలియదని అర్థం చేసుకోండి.

అతను చూపిన ఉత్తర్వు బూటకం కాదు. బయటి డీఎన్ఏ మిగలని జన్యు సవరణ మొక్కలకు, జన్యు మార్పిడి పంటలకు ఉండే 1989 నాటి నిబంధనల్లో కొన్నింటి నుంచి మినహాయింపు ఇచ్చింది ఆ ఉత్తర్వు. అది అమ్మకానికి లైసెన్సు ఎంతమాత్రం కాదు, మామూలు విత్తన చట్టం అలాగే వర్తిస్తుంది. ఇంగ్లీషు కాగితం, మీద ప్రభుత్వ ముద్ర, అంతే, మాలో ఎవరూ పూర్తిగా చదవలేదు.

విత్తనం నానబోసి మండె కట్టినప్పుడు పదిలో తొమ్మిది గింజలు చక్కగా మొలిచాయి. వరికి ఉండవలసిన కనీస మొలక శాతం 80 కాబట్టి, ఆ రోజు నాకున్న కొద్దిపాటి అనుమానం కూడా పోయింది. అది నా రెండవ తప్పు. గింజ బతికి ఉన్నదీ లేనిదీ మొలక పరీక్ష చెబుతుంది గానీ, అది ఏ రకమో చెప్పదు.

జులై మొదటి వారంలో పోసిన నారు ఆగస్టు మొదట్లో నాటాము. సెప్టెంబరు ఆఖరు దాకా చేను బాగానే కనిపించింది. అక్టోబరు మొదటి రోజుల్లో గట్టు మీద నిలబడి చూస్తే అక్కడక్కడ కురచ దుబ్బులు అప్పుడే ఈనుతున్నాయి, వాటి పక్కనే ఉన్న దుబ్బులు ఇంకా పొట్ట కూడా కట్టలేదు. మడిలోకి దిగి ఒక వరుసలో వంద దుబ్బులు లెక్కపెట్టాను. అరవై ఒకటి సాంబ పోలికతో ఉన్నాయి. ఇరవై ఏడు ఎంటీయూ 1010 లాగా కురచగా, సన్నపొడుగు గింజతో ఉన్నాయి. మిగిలిన పన్నెండు నా భుజం దాకా ఎదిగి, ఏ రకమో మా ఊళ్ళో ఎవరూ చెప్పలేని విధంగా ఉన్నాయి. ధ్రువీకరించిన వరి విత్తన క్షేత్రంలో కేళీలు, అంటే వేరే రకం మొక్కలు, 0.2 శాతం మించకూడదు, అంటే అయిదు వందల మొక్కలకు ఒకటి. నా చేలో కేళీలు ఏరుదామంటే ఏది కేళీయో, ఏది అసలుదో తేల్చే దారే లేదు. ఇంటికి వచ్చి మా ఆవిడతో చెబితే, "మార్కెట్ యార్డులో ఊడ్చిన ధాన్యం అమ్మాడేమో" అంది. అంతకంటే సరైన వివరణ నాకు ఇప్పటికీ దొరకలేదు.

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను వచ్చేనాటికి తొందర దుబ్బులు పండి ఉన్నాయి, సాంబ దుబ్బులు పూత మీద ఉన్నాయి. పండినవి పడిపోయి గింజ రాలింది, పూత మీద ఉన్నవాటికి వానకు తాలు పోయింది. తుపాను నష్టాన్ని విత్తనం ఖాతాలో రాయడం న్యాయం కాదు, అది అందరికీ వచ్చినదే. అయితే పక్క చేనివాళ్ళకు, రైతు సేవా కేంద్రంలో కొన్న మామూలు సాంబ మీద, ఎకరాకు 26 బస్తాలు వచ్చాయి. నాకు 15. కోత యంత్రం ఎప్పుడు దింపాలో కూడా తేలలేదు, ముందు దింపితే సగం పచ్చి, ఆగితే సగం నేలపాలు. ధాన్యం కొనడానికి వచ్చినతను గుప్పెడు గింజలు అరచేతిలో పరిచి, వేలితో పొడుగువి ఒక పక్కకూ పొట్టివి ఒక పక్కకూ నెట్టి, ఏమీ మాట్లాడకుండా బస్తాకు ₹350 తగ్గించాడు.

అమ్మిన మనిషి ఫోను అప్పటికే పనిచేయడం మానేసింది. వ్యవసాయ అధికారి దగ్గరికి వెళితే బిల్లు, లాటు నంబరు (ఒక్కో దఫా విత్తనానికి వేసే నంబరు), సంచికి కుట్టే ట్యాగు అడిగారు. నా దగ్గర ఉన్నవి ఖాళీ సంచులూ, ఆ చిత్తు కాగితమూ మాత్రమే. ఆ ఆకుపచ్చ సంచి మీద మెలికల నిచ్చెన లాంటి డీఎన్ఏ బొమ్మ, "హైబ్రిడ్ రకం" అనే మాట ఉన్నాయి. హైబ్రిడ్ వేరు, రకం వేరు అని మూడు పంటలు వేసిన ఎవరికైనా తెలుసు, ఆ రోజు నా కళ్ళు మాత్రం బొమ్మ దగ్గరే ఆగిపోయాయి. ఉత్పత్తిదారు చిరునామా, పరీక్ష తేదీ, లాటు నంబరు ఏదీ లేదు.

విత్తనం వల్ల నష్టపోయిన రైతు కూడా వినియోగదారుడేనని, పరిహారం కోసం వినియోగదారుల ఫోరానికి వెళ్ళవచ్చని 2012 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అది మన ఆంధ్రప్రదేశ్ రైతులు వేసిన కేసే. రైతులు విత్తనం నమూనా పరీక్షకు పంపలేదు కదా అని కంపెనీ వాదిస్తే, కొన్నదంతా చేలో వేసే రైతు పరీక్ష కోసం గింజలు దాచి ఉంచుతాడని ఎలా అనుకుంటామని కోర్టు ఆ వాదాన్ని తోసిపుచ్చింది. ఇంత బలమైన తీర్పు ఉండి కూడా నాకు పనికిరాలేదు, ఫలానా వాడి దగ్గర ఫలానా లాటు కొన్నాను అని రుజువు చేసే ముక్క కాగితం నా దగ్గర లేదు మరి.

కనుక ఈ సీజనులో మీరు ఏ కొత్త రకం కొన్నా, ముందు సంచి కుట్టు దగ్గర ట్యాగు చూడండి. బ్రీడరు విత్తనానికి (రకాన్ని తయారు చేసినవాళ్ళ మూల విత్తనం) పసుపు, దాని నుంచి పండించే ఫౌండేషనుకు తెలుపు, ధ్రువీకరించిన విత్తనానికి నీలం రంగు ట్యాగు ఉంటుంది. కొత్త రకం ఏదైనా బ్రీడరు విత్తనం నుంచి ఫౌండేషనుకూ, అక్కడి నుంచి ధ్రువీకరణకూ రావాలి, ఒక్కో మెట్టుకు ఒక్కో పంట పడుతుంది. మేలో ప్రకటించిన రకం జూన్‌లో ఆటోలో సంచులకొద్దీ రాదన్న లెక్క నాకు ఆ రోజే తట్టి ఉండాల్సింది. లైసెన్సు నంబరున్న కొట్టులో, లాటు నంబరు రాయించుకున్న బిల్లుతోనే కొనండి. కొన్న తరువాత ట్యాగు, సంచి, బిల్లుతో పాటు కిలో విత్తనం కూడా మంచి డబ్బాలో పెట్టి, పంట ఇంటికి వచ్చేదాకా దాచండి. చేలో తేడా కనిపిస్తే కోత దాకా ఆగకుండా, చేను నిలబడి ఉండగానే వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, కోసిన తరువాత శాస్త్రవేత్తలు వచ్చినా వాళ్ళకు చూపడానికి మోడు తప్ప ఏమీ మిగలదు.

కమల మీద నాకు కోపం లేదు, అసలు కమల గింజను నేను ఇంతవరకూ కంటితో చూడలేదు. సరైన ట్యాగుతో, సరైన చోట దొరికిన నాడు అర ఎకరంలో వేసి చూస్తాను.

ఈ నెలలో ఒక బంధువు రేపల్లె వైపు నుంచి ఫోను చేశాడు. సముద్రపు పోటుకు చౌడుబారిన పొలాలున్న ఊళ్ళలో "ఉప్పును తట్టుకునే 1010" అని కొత్త సంచులు తిరుగుతున్నాయట, ఎంటీయూ 1010 నుంచి వచ్చిన ఆ రెండవ రకం పేరు చెబుతున్నారట. సంచి ఫొటో పంపమన్నాను. సంచి ఆకుపచ్చ బదులు నీలం రంగు, అదే మెలికల నిచ్చెన బొమ్మ, అదే "హైబ్రిడ్ రకం". కుట్టు దగ్గర ట్యాగు లేదు.