ఇంగ్లండ్‌లో ఫ్లాట్ లీజు పొడిగింపు: ఫ్రీహోల్డర్‌తో మాట్లాడుకోవడమా, సెక్షన్ 42 నోటీసా?

హౌన్‌స్లో, స్లౌ, రీడింగ్ వైపు ఫ్లాట్లు కొనుక్కున్న మనవాళ్లు చాలామంది లీజు ఎన్నేళ్లు మిగిలిందన్నది కొన్న రోజు చూస్తారు, మళ్లీ అమ్మేటప్పుడే చూస్తారు. ఈలోపు అది 80కి దిగిందంటే ఖర్చు ఒక్కసారిగా పెరుగుతుంది. లీజు పెంచడం వల్ల ఫ్లాట్‌కు అదనంగా వచ్చే విలువను మ్యారేజ్ వేల్యూ అంటారు. 80 ఏళ్లకు మించి మిగిలి ఉంటే దాని ఊసే లేదు. 80కి దిగితే అందులో సగం ఫ్రీహోల్డర్‌కు, అంటే బిల్డింగ్, స్థలం అసలు యజమానికి, ఇచ్చుకోవాలి.

పెంచుకోవడానికి దారులు రెండు: ఫ్రీహోల్డర్‌తో నేరుగా బేరం కుదుర్చుకోవడం, లేదా 1993 చట్టం కింద సెక్షన్ 42 నోటీసు, అంటే లీజు పెంచమని చట్టం ఇచ్చిన హక్కుతో కోరే నోటీసు, ఇవ్వడం. ఎక్కువమందికి నేను నోటీసే మంచిదంటాను.

ఎందుకంటే బేరం ఉత్తరం పైకి చాలా బాగుంటుంది. "మీ లీజు 125 ఏళ్లకు పెంచుతాం, ఇంత కట్టండి, త్వరగా అయిపోతుంది" అంటారు. ఆ 125 ఏ తేదీ నుంచి లెక్కో ముందు అడగండి. 2007 జూన్‌లో మొదలైన 99 ఏళ్ల లీజు అనుకుందాం, అది 2106తో అయిపోతుంది. మొదటి తేదీ నుంచే 125 అంటే మీకు కలిసొచ్చేది 26 ఏళ్లే, ఆ 26 గడిచేసరికి మళ్లీ ఇదే 80 దగ్గరికి వచ్చి నిలబడతారు. నోటీసు దారిలో అయితే మిగిలిన ఏళ్ల మీద ఇంకో 90 కలుస్తాయి.

తర్వాత గ్రౌండ్ రెంట్, అంటే స్థలానికి ఏటా ఫ్రీహోల్డర్‌కు కట్టే అద్దె. నోటీసు దారిలో కొత్త లీజు రాసుకున్నాక అది సున్నా. బేరంలో అయితే పొడిగించిన ఏళ్లకు వసూలు చేయకూడదని 2022 చట్టం చెప్తుంది గానీ, పాత గడువు తీరేదాకా పాత రెంట్ అలాగే ఉంచొచ్చు. 250 పౌండ్లతో మొదలై 25 ఏళ్లకోసారి రెట్టింపయ్యే లీజైతే 2032లో 500, 2057లో 1,000, 2082లో 2,000. నోటీసు దారిలో ఈ పోయే రెంట్‌కు పరిహారం ప్రీమియంలోనే (లీజు పెంచినందుకు కట్టే మొత్తంలోనే) కలిపి తీసుకుంటారు కాబట్టి ఆ అంకె పెద్దగా కనిపిస్తుంది, అది చూసి భయపడి బేరానికి ఒప్పేసుకోకండి.

ఇంకొకటి, బేరం నుంచి ఫ్రీహోల్డర్ ఎప్పుడైనా తప్పుకోవచ్చు. నోటీసు ఇస్తే ఆ రోజు లెక్కే ఖాయం, మాటలు సాగుతుండగా లీజు 80కి దిగినా మీకు నష్టం లేదు. ధర తెగకపోతే ట్రిబ్యునల్ ఉంది. కాకపోతే నెలలు పడుతుంది, మీ సాలిసిటర్, సర్వేయర్ ఫీజులతో పాటు ఫ్రీహోల్డర్ వైపు న్యాయమైన ఖర్చులూ మీరే భరించాలి.

బేరం నయమయ్యే సందర్భాలూ ఉన్నాయి. ఫ్లాట్ అమ్మకం మధ్యలో ఉండి, కొనేవాళ్ల బ్యాంకు లీజు పెంచితేనే లోన్ అంటుంటే, ఫ్రీహోల్డర్ కూడా 90 ఏళ్లు, సున్నా రెంట్ అని రాతపూర్వకంగా ఒప్పుకుంటే హాయిగా తీసుకోండి. ఫ్రీహోల్డ్ ఆ బిల్డింగ్‌లోని ఇరుగుపొరుగుదే అయితే తమలో తాము 999 ఏళ్లు రాసుకుంటారు, నోటీసు అవసరమే రాదు.

మరి కొత్త చట్టం కోసం ఆగితే? 2024 చట్టంలో 990 ఏళ్ల పొడిగింపు, మ్యారేజ్ వేల్యూ రద్దు ఉన్నాయి, కానీ ఇది రాసేనాటికి ఆ భాగాలు అమల్లోకి రాలేదు. కొన్నాక రెండేళ్లు ఆగాలనే పాత షరతు మాత్రం 2025 జనవరి 31న పోయింది. మీకు 82 ఏళ్లుంటే ఆగకండి. ఇప్పటికే 72కి దిగిపోయి, దగ్గర్లో అమ్మే ఆలోచన గానీ రీమార్ట్‌గేజ్ (ఇంటి లోన్ మార్చుకోవడం) గానీ లేకపోతే ఆగడంలో అర్థముంది.

లీజు మొదలైన తేదీని కాగితంలోనే చూడండి, మీరు కొన్న తేదీకి అది చాలా ముందుండొచ్చు. నోటీసు ఇచ్చాక వెనక్కి తీసుకుంటే మళ్లీ ఇవ్వడానికి 12 నెలలు ఆగాలి, అందుకే ఈ పని తరచూ చేసే సాలిసిటర్‌నే పెట్టుకోండి. అంతకుముందే లీజ్‌హోల్డ్ అడ్వైజరీ సర్వీస్‌లో ఉచితంగా సలహా అడగొచ్చు.